చిట్టా, ఆవర్జా, వర్చువల్ మెషీన్

(సిబ్బంది కుటుంబాల వార్షిక సమ్మేళనంలో డేటా సెంటర్ అధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

నాకిచ్చిన అంశం "డేటాబేస్‌లు నడిచే వర్చువల్ మెషీన్ల బ్యాకప్". ఈ మాట ఇంట్లో చెబితే మా ఆవిడ, "భోజనాలకు ముందా, తరువాతా?" అని అడిగింది. ముందే అన్నాను. "పాపం" అంది. ఆ పాపం నాకో, మీకో చెప్పలేదు. నిజానికి మీలో చాలామంది అడిగే ప్రశ్న ఇదే, మాటలు వేరు, అంతే. "ఆదివారం రాత్రి పదింటికి కూడా ఆఫీసేమిటండీ? బ్యాంకుకు సెలవు కదా?" అంటారు. దానికి జవాబు చెప్పడానికి నేను మా ఊరి దగ్గర మొదలుపెట్టాలి.

మాది ఆవపల్లి. ఇప్పుడది ఛత్తీస్‌గఢ్‌లో బీజాపూర్ జిల్లా. నేను పుట్టినప్పుడు మధ్యప్రదేశ్‌లో బస్తర్ జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది గాని 1998లో దంతెవాడ జిల్లాలోకి, 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోకి, 2007లో బీజాపూర్ జిల్లాలోకి వెళ్లింది. ఇక్కడినుంచి వెళ్లాలంటే వరంగల్, ఏటూరునాగారం దాటి, గోదావరి దాటి, భోపాలపట్నం మీదుగా బీజాపూర్ చేరి, అక్కడినుంచి బాసగూడ దారి పట్టాలి. తెలుగు, హిందీ, గోండి, దొర్ల మాట అన్నీ ఒకే సంతలో వినిపించే ఊరు. అక్కడ మా నాన్నకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. ఉప్పు, కిరసనాయిలు, బెల్లం, పొగాకు. సంత రోజున చింతపండు, ఇప్పపువ్వు కొనేవాడు కూడా.

నాన్న దగ్గర రెండు పుస్తకాలుండేవి. చిట్టా ఒకటి, ఆవర్జా ఒకటి. పాతతరం ఉద్యోగులకు చెప్పక్కర్లేదు, పిల్లల కోసం చెబుతాను. చిట్టా అంటే ఆ రోజు జరిగింది జరిగిన వరసలో రాసుకునే పుస్తకం. పొద్దున్న ఫలానా మనిషికి రెండు కిలోల ఉప్పు అరువు, తరువాత ఇంకో మనిషి ఇచ్చిన పది రూపాయలు, అలా. ఆవర్జాలో మనిషికో పేజీ. ఎవరి బాకీ ఎంతో అందులో చూడాలి. రాత్రి కొట్టు కట్టేశాక లాంతరు పెట్టుకుని నాన్న చిట్టాలోవి ఒక్కొక్కటి తీసి ఆవర్జాలోకి ఎక్కించేవాడు. ఆయన నియమం ఒకటే. ముందు చిట్టాలో గీత పడాలి, ఆ తరువాతే గల్లాపెట్టె మూత పడాలి. ఆవర్జా సంగతి రాత్రి చూసుకోవచ్చు.

ఇవాళ మన బ్యాంకులో నడిచే డేటాబేస్‌లు అక్షరాలా ఈ పనే చేస్తాయి. మీరు ఏటీఎంలో డబ్బు తీస్తే డేటాబేస్ ముందు లాగ్ అనే చిట్టాలో రాసి, అది డిస్క్ మీద పడ్డాకే "సరే" అంటుంది. మీ ఖాతా పేజీని, అంటే ఆవర్జాను, ప్రస్తుతానికి మెమరీలో మార్చి పెట్టుకుని తీరిగ్గా డిస్క్‌కు ఎక్కిస్తుంది. ఈ పద్ధతి ఎవరో విదేశాల్లో కనిపెట్టారని మాకు కాలేజీలో పెద్ద పేరు పెట్టి చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది.

ఒక వానాకాలం మా ఆవర్జాకు చెదలు పట్టాయి. అటక మీద గోడవారగా పెట్టడం పొరపాటు. ఒక్కొక్క కట్ట తీస్తుంటే మట్టి, మధ్యలో అక్కడక్కడా అంకెలు. నాన్న అన్నం తినలేదు. అమ్మే గుర్తు చేసింది, ఉగాదికి అందరి నిల్వలూ ఒక నోటుపుస్తకంలో ఎత్తి రాసి భోపాలపట్నంలో పెదనాన్న ఇంట్లో ఉంచామని. అది తెప్పించారు. చిట్టాలు బియ్యం డ్రమ్ము పక్కన ఇనప్పెట్టెలో భద్రంగా ఉన్నాయి. ఉగాది నిల్వల మీద అప్పటినుంచి రోజు రోజుకూ చిట్టా ఎక్కించుకుంటూ వచ్చారు. పది రాత్రులు పట్టింది. చదవడం నా పని, రాయడం నాన్న పని.

ఆ పది రాత్రుల్లో ఒక గీత నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక దొర్ల ముసలాయన తన పాత బాకీ నలభై రూపాయలు కట్టేసిన గీత. ఆయనకు చదువు రాదు. చేతిలో కాగితం లేదు. తను బాకీ తీర్చానని చెప్పుకోవడానికి ఈ భూమ్మీద ఉన్న ఒకే ఒక ఆధారం మా ఇనప్పెట్టెలో ఉంది. అది కూడా చెదలు తినేస్తే ఎవరి మాట నెగ్గుతుంది? కొట్టువాడి మాటే. ఆ ప్రాంతంలో అందరి ఆవర్జాలూ నిజాయితీగా ఉండేవని నేను చెప్పను. అందుకే ఆ గీత విలువ నాకు తెలుసు.

సరే, ఇప్పుడు వర్చువల్ మెషీన్ అంటే ఏమిటో చెబుతాను. పెద్ద ఇంట్లో గోడలు పెట్టి పది వాటాలు చేసి అద్దెకిస్తాం కదా. ఒక పెద్ద సర్వర్‌ను అలా సాఫ్ట్‌వేర్ గోడలతో వాటాలు చేస్తారు. ప్రతి వాటాలో ఉన్న కంప్యూటరూ ఇల్లంతా తనదే అనుకుంటుంది. అసలు విషయానికొస్తే ఆ కంప్యూటర్ కొన్ని ఫైళ్లే. కాబట్టి సామానుతో సహా వాటా మొత్తాన్ని ఎత్తి కాపీ చేసుకోవచ్చు. సర్వర్ పాడైతే ఇంకో సర్వర్ మీద పెట్టి స్విచ్ వేయవచ్చు. ఒకప్పుడు కొత్త కంప్యూటర్ తెప్పించి, అన్నీ మళ్లీ ఎక్కించడానికి రోజులు పట్టేది. ఇప్పుడు గంటల్లో పని. ఈ సుఖం వల్లే ఒక భ్రమ కూడా వచ్చింది. వాటాను కాపీ చేశాం కాబట్టి లెక్కలూ వచ్చేసినట్టే అని.

వాటాను కాపీ చేయడానికి ముందు స్నాప్‌షాట్ తీస్తారు. ఆ క్షణం దగ్గర డిస్క్‌ను కదలకుండా ఉంచి, ఆ తరువాతి మార్పులన్నీ పక్కన వేరే ఫైల్లో రాయిస్తారు. ఈలోగా కదలని భాగాన్ని తీరిగ్గా కాపీ చేసుకుంటారు. పని అయ్యాక స్నాప్‌షాట్ తీసేయాలి. కొందరు దాన్నే బ్యాకప్ అనుకుని వదిలేస్తారు. అది అదే ఇంట్లో, అదే డిస్క్ మీద ఉంటుంది. ఇల్లు కాలితే రెండూ పోతాయి. వదిలేస్తే ఆ పక్క ఫైలు పెరిగి పెరిగి ఇల్లంతా నిండి, అసలు మెషీనే ఆగిపోతుంది.

ఇప్పుడు నాన్న కూర్చున్న గది ఫొటో తీశామనుకోండి. కలం గాల్లో ఉంది. ఐదు పద్దుల్లో మూడు ఆవర్జాకు ఎక్కాయి, రెండు ఆయన తలలో ఉన్నాయి. ఆ ఫొటోలోని ఆవర్జా తప్పు. అయితే చిట్టా పక్కనే ఉంది కాబట్టి సరిచేసుకోవచ్చు. డేటాబేస్ కూడా అంతే. హఠాత్తుగా కరెంటు పోయినట్టు తీసిన ఫొటో నుంచి లేచినా, సాధారణంగా చిట్టా చదువుకుని తనంతట తాను కోలుకుంటుంది. ఆ "సాధారణంగా" అనే మాటలోనే మా నిద్ర పోతుంది. పెద్ద డేటాబేస్‌లో చిట్టా ఒక డిస్క్ మీద, ఆవర్జా ఇంకో డిస్క్ మీద ఉంటాయి. రెంటి ఫొటోలూ ఒకే క్షణంలో తీయకుండా రెండు సెకన్లు తేడాగా తీస్తే, ఆవర్జాలో ఉన్న పద్దు చిట్టాలో ఉండదు. అప్పుడు డేటాబేస్ లేవదు. లేదా లేచి తప్పు చెబుతుంది, అది ఇంకా ప్రమాదం.

అందుకని ఫొటో తీసే ముందు తలుపు కొట్టాలి. "నాన్నా, ఒక్క క్షణం కలం ఆపు, తలలో ఉన్నవి పుస్తకంలో పెట్టు" అని చెప్పాలి. విండోస్‌లో దీనికి ఒక ఏర్పాటు సిద్ధంగా ఉంది. లైనక్స్‌లో అయితే ఫొటోకు ముందొకటి, తరువాత ఒకటి చిన్న స్క్రిప్టులు మేమే రాసి పెట్టాలి. ఎవరూ తలుపు కొట్టకపోతే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ గొడవ చేయకపోవచ్చు. మాట్లాడకుండా మామూలు ఫొటో తీసి పచ్చ టిక్కు పెట్టేస్తుంది.

రోజుకొక ఫొటో సరిపోతుందా? రాత్రి ఒంటిగంటకు తీసి, సాయంత్రం ఆరింటికి మెషీన్ పోతే పగటి పద్దులన్నీ పోయినట్టే. అందుకే ఫొటో వేరు, చిట్టా వేరు. చిట్టాను కొద్ది కొద్ది నిమిషాలకోసారి విడిగా తీసి ఇంకో చోటికి పంపుతుండాలి. ఉగాది నోటుపుస్తకం మీద చిట్టా ఎక్కించినట్టు, రాత్రి ఫొటో మీద ఈ లాగ్‌లు ఎక్కిస్తే కావలసిన నిమిషం దాకా తెచ్చుకోవచ్చు. ఎవరో పొరపాటున నాలుగూ పదికి ఏదో చెరిపేస్తే, నాలుగూ తొమ్మిది దగ్గర ఆపవచ్చు. "ఇంకో ఊళ్లో డీఆర్ సెంటర్ ఉంది కదా" అని మీలో బ్యాంకు భాష తెలిసినవాళ్లు అడగవచ్చు. అది అద్దం లాంటిది. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది.

ఇక నా సొంత కథ. ఇది చెప్పాలా వద్దా అని వారం ఆలోచించాను.

చాలా ఏళ్ల కిందట నేను వేరే చోట ఒక కార్యాలయంలో పనిచేసేవాణ్ణి. ఉద్యోగులు, పింఛనుదారులు పెట్టుకునే వైద్య బిల్లుల అప్లికేషన్ నా చేతిలో ఉండేది. చిన్న డేటాబేస్, ఒక్క వర్చువల్ మెషీన్. పగలు స్నాప్‌షాట్ తీసినప్పుడల్లా అప్లికేషన్ కాసేపు బిగుసుకుపోతోందని ఫిర్యాదులొచ్చాయి. డేటా ఉన్న రెండో డిస్క్‌ను స్నాప్‌షాట్‌లోకి రాకుండా విడిగా పెట్టే వీలుంది. పెట్టాను. దాని బదులు రోజూ రాత్రి డేటాబేస్ నుంచి నేరుగా కాపీ తీసే స్క్రిప్టు రాశాను. ఆ కాపీ ఎక్కడ పడుతోంది? "తరువాత మారుద్దాంలే" అని అదే స్టోరేజీ పెట్టెలో పెట్టాను. ఆ తరువాత రానే లేదు.

రెండేళ్లు రోజూ పొద్దున్న రిపోర్టులో పచ్చ టిక్కు వచ్చింది. అబద్ధం కాదది. తనకు చెప్పిన డిస్క్‌లన్నీ కాపీ చేశానని చెప్పింది, అంతే. ఏ డిస్క్ వద్దన్నామో దానికి అక్కర్లేదు.

ఒక శనివారం స్టోరేజీ పెట్టె పోయింది. మేం కంగారు పడలేదు. బ్యాకప్ తెచ్చాం, మెషీన్ లేచింది, లాగిన్ తెర వచ్చింది. నలుగురం చప్పట్లు కొట్టాం. టీ తెప్పించాం. ఒకాయన పాస్‌వర్డు కొట్టి లోపలికి వెళ్లి, "ఇక్కడేమీ లేదేంటి?" అన్నాడు. టీ గ్లాసు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ తెలియదు. ఇల్లు వచ్చింది, ఇంట్లో పెట్టె రాలేదు. వెతగ్గా వెతగ్గా ఒక టెస్ట్ మెషీన్‌లో ఏదో పరీక్ష కోసం నేనే పెట్టుకున్న పాత కాపీ దొరికింది. నలభై ఒక్క రోజుల నాటిది. ఆ నలభై ఒక్క రోజుల బిల్లులు లేవు.

బిల్లులు మళ్లీ పంపమని సర్క్యులర్ ఇచ్చారు. సర్వీసులో ఉన్నవాళ్లు తిట్టుకుంటూ పంపారు. కష్టం పింఛనుదార్లది. అసలు బిల్లులు అప్పటికే ఇచ్చేశారు, జిరాక్సులు కొందరి దగ్గరే ఉన్నాయి. ఒకావిడ ఫోన్ చేశారు. ఆమె భర్త రిటైరైన సబ్‌స్టాఫ్, వారానికి మూడుసార్లు డయాలిసిస్. "బాబూ, కాగితాలు మీకే పంపాను, నా దగ్గరేమీ లేవు" అన్నారు. నాకు మాట రాలేదు. కాసేపాగి ఆమే అన్నారు, "గోడ క్యాలెండర్ మీద మాత్రం రాసుకున్నాను. పాలవాడి లెక్క పక్కనే. తారీఖులు చదవమంటారా?"

ఆమె చదివారు, నేను రాసుకున్నాను. ఏ రోజు వెళ్లారు, ఎంత కట్టారు, ఏ రోజు ఆటోకు ఎంత. ఒక్క రోజు తప్పలేదు. ఆ తారీఖులు పట్టుకుని ఆస్పత్రిలో అడిగితే నకళ్లు ఇచ్చారు, బిల్లులు పాసయ్యాయి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది. నేను చేసిన పని నేనే పై అధికారికి రాసిచ్చాను. శిక్ష చిన్నదే పడింది. ఆ ఫోన్ కాల్ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

నాలాంటివాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారని తరువాత తెలిసి కొంత ఊరట కలిగింది, కొంత భయమూ వేసింది. గిట్‌ల్యాబ్ అని, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తమ ప్రోగ్రాములు దాచుకునే సంస్థ ఒకటుంది. 2017 జనవరి 31 రాత్రి అక్కడొక ఇంజనీరు పక్క సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ ఫైళ్లనే చెరిపేశాడు. మూడు వందల జీబీలో నాలుగున్నర జీబీ మిగిలేసరికి గ్రహించి ఆపాడు. వాళ్లకు బ్యాకప్ పద్ధతులు ఒకటి కాదు, ఐదున్నాయి. వేళకు ఏదీ అక్కరకు రాలేదు. రోజూ తీయాల్సిన కాపీ, వెర్షన్ తేడా వల్ల అసలు తయారే కావడం లేదు. అది విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం ఒకరు చేత్తో తీసిన స్నాప్‌షాట్ వాళ్లను కాపాడింది. ఆ ఆరు గంటల మార్పులు పోయాయి. ఈ మొత్తం కథ వాళ్లే బయటపెట్టారు, బాగుచేసే పనిని ప్రత్యక్షప్రసారం కూడా చేశారు. ఆ ధైర్యానికి నేను దండం పెడతాను.

దక్షిణ కొరియాలో 2025 సెప్టెంబర్ 26న దేజన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలకు నిప్పంటుకుంది. ప్రభుత్వ ఉద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకునే డ్రైవ్ అందులో కాలిపోయింది, 858 టెరాబైట్లు. మరీ పెద్దదని దానికి బయట కాపీ పెట్టలేదట. అంత సాంకేతిక దేశంలో అది! భోపాలపట్నంలో పెదనాన్న ఇల్లు లేని లోటు.

మన రిజర్వు బ్యాంకు 2023 నవంబరులో ఇచ్చి, 2024 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసిన ఐటీ ఆదేశాల్లో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. బ్యాకప్ తీయమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. తీసినదాన్ని అప్పుడప్పుడు తిరిగి రీస్టోర్ చేసి పనికొస్తుందో లేదో చూడమని చెప్పింది. నేను పచ్చ టిక్కును నమ్మకుండా ఒక్కసారి ఆ పని చేసి ఉంటే రెండేళ్ల ముందే నా తప్పు నాకు కనబడేది.

మీ ఇంటి మనిషి ఆదివారం రాత్రి చేసేది అదే. బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేని ఒక విడి గదిలాంటి చోట పాత బ్యాకప్‌ను లేపుతాం. లాగిన్ తెర చూసి చప్పట్లు కొట్టడం మానేశాం. డేటాబేస్ లేచిందా, దాని మీద లాగ్‌లు ఎక్కాయా, ఆ రోజు చివరి ఓచరు నంబరు దొరికిందా, శాఖలో ఉన్న మొత్తంతో మన మొత్తం కలిసిందా చూస్తాం. ఎంతసేపు పట్టిందో రాసుకుంటాం. ఏ మెషీన్ తీయాలో పొద్దున్నే ఎవరికీ చెప్పం, సాయంత్రం చీటీ తీస్తాం. చెబితే ఆ ఒక్కదాన్నీ ముస్తాబు చేసి పెడతారు, మనుషులం కదా. ఇంకో కాపీ ఉంటుంది, కొన్నాళ్ల దాకా దాన్ని మేం కూడా చెరపలేం. రాన్సమ్‌వేర్ దొంగలు ముందుగా వెతికేది బ్యాకప్‌నే. మా పాస్‌వర్డులు వాళ్ల చేతిలో పడినా ఆ కాపీ మిగలాలి.

ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. శాఖల్లో కంప్యూటర్లు వచ్చిన కొత్తలో రోజూ సాయంత్రం రెండు బ్యాకప్‌లు తీసి, ఒకటి బీరువాలో పెట్టి, రెండోది పక్క శాఖకు పంపేవారు. టేపును టిఫిన్ బాక్సు పక్కన బ్యాగులో వేసుకుని ఇంటికి తెచ్చిన నాన్నలు మీలో కొందరికి గుర్తుండే ఉంటారు. ఆ టేపును ఎప్పుడైనా తిరిగి చదివి చూశారా అని మాత్రం అడగను. సమ్మేళనం చెడగొట్టడం ఎందుకు.

మొన్న చలికాలంలో ఆవపల్లి వెళ్లాను. మా కొట్టు ఉన్నచోట ఇప్పుడు వేరేవాళ్లున్నారు. సంతకు దగ్గర్లో ఒక బ్యాంకు మిత్ర చిన్న యంత్రం పెట్టుకుని కూర్చున్నాడు. ఒక ముసలమ్మ పింఛను తీసుకోవడానికొచ్చింది. వేలు పెట్టింది, పడలేదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది, పడింది. డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుని నడుముకు చుట్టుకుంది. యంత్రంలోంచి వచ్చిన చీటీని బల్ల మీదే వదిలేసింది. నేను తీసి ఇవ్వబోతే, "నాకెందుకయ్యా, చదవొస్తదా?" అని నవ్వింది. చదవొచ్చినా పెద్ద లాభం లేదు, ఆ చీటీ మీద సిరా కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. ఆవిడకు డబ్బు ముట్టిందన్న గీత ఎక్కడో ఒక డేటా సెంటర్లో, ఏదో వర్చువల్ మెషీన్‌లో పడి ఉంటుంది.

వచ్చే ఆదివారం మళ్లీ డ్రిల్ ఉంది. చీటీ సాయంత్రం తీస్తాం. పదింటికి మొదలుపెడితే తెల్లారుజామున మూడవుతుంది, ఫోన్లు బయట పెట్టి లోపలికి వెళ్తాం కాబట్టి ఎత్తకపోతే ఏమీ అనుకోవద్దు. ఫ్లాస్కులో టీ పంపిస్తే మాత్రం కాదనం. వంటవాళ్లు అప్పుడే రెండుసార్లు తొంగిచూశారు, ప్రశ్నలుంటే విస్తరి దగ్గర అడగండి.